బోర్డు మీద మూడు మాటలు

భిలాయిలో నందినీ రోడ్డు మీద, లారీలు దుమ్ము రేపుకుంటూ పోయే చోట, కరెంటు స్తంభానికి తీగతో కట్టిన ఒక రేకు బోర్డు ఉంది. పసుప్పచ్చ రంగు మీద నల్లటి హిందీ అక్షరాలు. కటింగ్, బెండింగ్, రోలింగ్ అని మూడే మాటలు. వాటి కింద ఫోన్ నంబరు. అంకెలు మాటలకంటే లావుగా ఉంటాయి. అన్నిటికీ కింద, గల్లీలోకి వంగిన ఒక ఎర్ర బాణం. స్కూటరు మీద పోయేవాడికి ఆ బోర్డు కనిపించేది మూడు నాలుగు సెకన్లు. ఆ కాస్త సేపట్లోనే అక్కడ ఏం పని చేస్తారో, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసిపోతుంది. దాన్ని రాసిన పెయింటరు ఏ డిజైన్ కాలేజీలోనూ చదివి ఉండడు. ఎండలో నిచ్చెన ఎక్కి, ఒకసారి కిందికి దిగి, రోడ్డు అవతలికి వెళ్లి చూసుకుని, మళ్లీ నిచ్చెనెక్కి ఉంటాడు, అంతే.

ఆ దారినే రోజూ పోయే ఒక తెలుగాయన ఉన్నాడు. భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు. చిన్న చిన్న కంపెనీల వెబ్‌సైట్లకు మాటలు రాసిపెట్టడం అతని బతుకుతెరువు. ఒకరోజు స్కూటరు పంక్చరైంది. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతికేవాడి పక్కన నిలబడి, టీ తాగుతూ, ఎదురుగా కనబడుతున్న ఆ బోర్డు యజమాని వెబ్‌సైటు ఫోన్లో తెరిచాడు. మొదట ఒక ఫొటో వచ్చింది, అదీ నింపాదిగా, పైనుంచి కిందికి తెర దించినట్టు. సూటు వేసుకుని, తలమీద పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఇద్దరు తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటున్నారు. హాత్‌ఖోజ్ పారిశ్రామికవాడలో గానీ నందినీ రోడ్డులో గానీ అటువంటి ఇద్దరిని అతను ఎప్పుడూ చూడలేదు. ఫొటో కింద పేరా మొదలైంది. బొటనవేలితో పైకి తోశాడు. పేరా అవలేదు. మళ్లీ తోశాడు. టీ చల్లారింది. పంక్చరు అతుకు పడింది. పేరా మాత్రం నడుస్తూనే ఉంది.

భిలాయి ఉక్కు కర్మాగారం యూనివర్సల్ రైల్ మిల్లులో ఒక్క అతుకు కూడా లేకుండా 130 మీటర్ల రైలు పట్టా తయారవుతుంది. అలాంటివి రెండు కలిపి 260 మీటర్ల పట్టా చేసి రైల్వేకి పంపుతారు. అతుకులు ఎంత తగ్గితే బండి అంత సాఫీగా పోతుంది. ఈ ఊరివాళ్లకు పట్టాలంటే తరతరాల గర్వం. ఆ గర్వమే పేరాల్లోకి కూడా వచ్చేసిందా అనిపించింది అతనికి. పట్టాకి అతుకు లేకపోతే మంచిదే. పేరాకి లేకపోతే చదివేవాడు ఎక్కడ దిగాలి?

అసలు అతన్ని తొలిచింది పేరా పొడుగు కాదు. బోర్డు రాయించినవాడూ, ఆ పేరా రాయించినవాడూ ఒక్కడే కదా! రోడ్డు మీద అంత పొదుపుగా, అంత సూటిగా మాట్లాడినవాడు తెర మీదికి రాగానే ఎందుకలా అయిపోయాడు? చోటు ఉచితంగా దొరికిందనా? రేకుకైతే చదరపు అడుగు లెక్కన డబ్బివ్వాలి, రంగు డబ్బా కొనాలి. వెబ్‌సైటులో ఎన్ని మాటలు పోసినా ఖర్చు అంతే. పెళ్లి భోజనంలో విస్తరి నిండిపోయాక కూడా వడ్డిస్తూనే ఉండే పెద్దమనిషి లాంటి ప్రేమేమో అది. లేకపోతే భయమా? తక్కువ రాస్తే తక్కువవాడనుకుంటారన్న భయం?

ఈ సంగతిని లెక్కల్లో పెట్టినవాళ్లు ఉన్నారు. 1997లో యాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ జనం వెబ్ పేజీలను ఎలా చదువుతారో పరీక్షించి చూశారు. నూటికి 79 మంది చదవలేదు, కళ్లతో అలా తడుముకుంటూ పోయారు. ప్రతి మాటా చదివినవాళ్లు 16 మంది. ఆ తర్వాత అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చూడదగ్గ చోట్ల గురించి ఒకే సమాచారాన్ని ఐదు రకాలుగా రాసి ఇచ్చారు. మొదటిది మామూలుగా గొప్పలు చెప్పుకునే రకం. మాటలు సగానికి తగ్గించిన రకం దానికంటే 58 శాతం మెరుగ్గా పనిచేసింది. మాటలు తగ్గించకుండా చిన్న చిన్న శీర్షికలు, వరసలు పెట్టి విడదీసింది 47 శాతం. తమాషా ఏమిటంటే, ఏమీ విడదీయకుండా గొప్పలు మాత్రం తీసేసినది కూడా 27 శాతం మెరుగైంది. మూడూ కలిపి చేసినది 124 శాతం. దాదాపు ముప్పై ఏళ్ల కిందటి లెక్క ఇది, పెద్ద కంప్యూటర్ల కాలం నాటిది. అరచేతిలో తెర పట్టుకుని, మరో చేతిలో టీ గ్లాసు పట్టుకున్నవాడికి ఇది ఇంకెంత నిజం కావాలి!

అయినా అతనికి పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. గోడ మీద క్యాలెండరు మాటేమిటి మరి?

భిలాయి సెక్టార్లలో తెలుగువాళ్ల క్వార్టర్ల వంటింట్లో తెలుగు క్యాలెండరు వేలాడుతుంటుంది. విశాఖ నుంచో విజయనగరం నుంచో వచ్చే చుట్టాలు జనవరికి ముందే చుట్టగా చుట్టి తెచ్చిస్తారు. ఎక్కువగా వెంకట్రామా వాళ్లదే. ఒక్కో తేదీ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, పండగ, ఇవన్నీ చీమల బారులా ఉంటాయి. డిజైన్ తెలిసినవాళ్లకి చూపిస్తే తల పట్టుకుంటారు. కానీ అమ్మలు, అమ్మమ్మలు పోపు మాడేలోపు అందులోంచి ఏకాదశి ఎప్పుడో తీసి చెబుతారు. ఇంత ఇరుకులో అంత సులువుగా ఎలా దొరుకుతుంది? అతను చాలాసేపు ఆ క్యాలెండరు ముందు నిలబడ్డాడు. అప్పుడు తోచింది: అక్కడ మాటలు ఎక్కువే, కానీ ఏ మాట ఎక్కడుంటుందో ఏడాది పొడుగునా మారదు. తేదీ గది అవతలికి కనిపించేంత పెద్దది. పండగ రోజు ఎరుపు. మిగతావి దగ్గరికొస్తేనే కనిపించేవి. దూరంనుంచి చూసేవాడికి ఒకటి, రెండడుగుల్లో నిలబడేవాడికి ఒకటి, కళ్లద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివేవాడికి ఒకటి. ఒకే కాగితం మీద ముగ్గురికి మూడు పీటలు. అంటే ఎక్కువ రాయడం నేరం కాదేమో, అన్నీ ఒకే గొంతుతో రాయడం నేరమేమో.

వాళ్ల నాన్న చేతిలోని డ్రాయింగులు గుర్తొచ్చాయి. నాన్న ప్లాంటులో ఫిట్టరు. భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న జరిగింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నాలుగేళ్లలో అడవీ పొలాలూ ఉన్న చోట ఒక కార్ఖానా లేచి నిలబడింది. దాన్ని నిలబెట్టినవాళ్లు రష్యన్ మాట్లాడేవాళ్లు, హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళం, తెలుగు మాట్లాడేవాళ్లు. మధ్యలో దుబాసీలు ఉండేవారు నిజమే. కానీ ప్రతి బోల్టు దగ్గరా దుబాసీ నిలబడి ఉండడు కదా? అక్కడ మాట్లాడింది డ్రాయింగు. కనిపించే అంచుకి లావు గీత. లోపల దాగిన అంచుకి తునకల గీత. నడిమధ్యకి ఒక పొడుగు, ఒక పొట్టిగా సాగే సన్న గీత. కొలతలు బయటికి లాగి, వస్తువుకి తగలకుండా. కుడి కింది మూలన గడి. అందులో పేరు, స్కేలు, ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు. మిగతాదంతా తెల్ల కాగితం. ఆ తెలుపు వృథా అని ఎవరూ అనలేదు. నాన్న సర్క్యులరు వస్తే రెండు వాక్యాలు చదివి మడిచి జేబులో పెట్టుకునేవాడు, తర్వాత ఎవరినో అడిగి తెలుసుకునేవాడు. డ్రాయింగు మాత్రం తలకిందులుగా ఇచ్చినా చదివేవాడు. ఎన్నాళ్లో అతను నాన్నకి చదువు తక్కువనే అనుకున్నాడు. తక్కువైంది నాన్న చదువా, సర్క్యులరు రాతా? ఇప్పుడడగడానికి నాన్న లేడు.

వెబ్‌సైటు యజమాని అతనికి అన్న వరస. ఇద్దరి తండ్రులూ ఒకే షాపులో పనిచేశారు, ఒకే రైల్లో సెలవులకు ఊరెళ్లారు. రాయపూర్ నుంచి విజయనగరం వైపు దిగే ఆ దారే భిలాయి తెలుగు ఇళ్లలో చాలావాటికి పుట్టింటి దారి. 2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నాల మధ్య వందే భారత్ మొదలయ్యాక అన్నయ్యకి ఒక ఆలోచన వచ్చింది. గాజువాక, ఆటోనగర్ వైపునుంచి కూడా ఆర్డర్లు వస్తాయేమో, ఒక తెలుగు పేజీ ఉంటే మంచిది కదా అని. ఇంగ్లీషు పేజీని ఏదో యంత్రంతో తెలుగు చేయించి, "ఓసారి చూసిపెట్టు తమ్ముడూ" అన్నాడు. టీ తాగుతూ తెరిచిన ఆ అంతులేని పేరాకే ఇప్పుడు తెలుగు రూపం కూడా వచ్చిందన్నమాట.

చూశాడు. "ప్రముఖ మరియు విశ్వసనీయ తయారీదారులం. అత్యాధునిక యంత్రసామగ్రి మరియు నిపుణులైన సిబ్బందితో ప్రపంచస్థాయి నాణ్యతను అందించడంలో అగ్రగామిగా నిలుస్తున్నాము. వినియోగదారుల సంతృప్తే మా ధ్యేయం." ఇలా పన్నెండు వాక్యాలు. చదవడం అయ్యాక ఆ షెడ్డులో ఏం చేస్తారో మాత్రం తెలియలేదు. నందినీ రోడ్డులో ఎవడూ ఇలా మాట్లాడడు. గాజువాకలోనూ మాట్లాడడు. మరి ఈ భాష ఎవరిది?

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి ఇదే ప్రశ్న గ్రాంథికాన్ని అడిగాడు. నోట్లో లేని భాష పుస్తకంలో ఎందుకని. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. భిలాయిలో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఆయన పొరుగూరి పంతులు కింద లెక్క. సవరలకు చదువు చెప్పడానికి ముందు తనే వాళ్ల భాష నేర్చుకున్నాడాయన. చెప్పేవాడే ముందు వినాలన్నమాట. గ్రాంథికం పోయిందని ఊపిరి పీల్చుకున్నాం గానీ అది ఇంకో తలుపులోంచి వచ్చింది. ఇప్పుడు దానికి వ్యాకరణం లేదు, కవిత్వం లేదు, కనీసం పద్యంలో ఉండే తూగు కూడా లేదు. ప్రముఖ, అగ్రగామి, ప్రపంచస్థాయి, ధ్యేయం. పచారీ కొట్టుకైనా ఇవే, పళ్ల డాక్టరుకైనా ఇవే. ఒకచోట తీసి ఇంకోచోట పెట్టినా ఎవరూ గుర్తుపట్టలేరు. నెబ్రాస్కా లెక్కలో ఆ 27 శాతం ఎక్కడినుంచి వచ్చిందో అతనికి అప్పుడర్థమైంది.

రాతగాడిగా తనూ ఇలాంటివి ఎన్ని రాశాడో లెక్క తీస్తే సిగ్గేసింది. "ధ్యేయం" అనే మాటని డబ్బుకి అమ్ముకున్నవాళ్లలో అతనూ ఒకడు.

సవరించడం మొదలుపెట్టాడు. షెడ్డుకి వెళ్లి, ఫోన్ చేసేవాళ్లు మొదట ఏం అడుగుతారని అన్నయ్యని అడిగాడు. అన్నయ్య గ్రైండరు ఆపించి, వేళ్లు మడుస్తూ చెప్పాడు: ఎంత మందం ప్లేటు కోస్తారు, ఎంత పొడుగు వంచుతారు, ఉక్కు ప్రమాణం ఐఎస్ 2062లో ఏ గ్రేడు దొరుకుతుంది, ఈ250యా ఈ350యా, లారీ ఎవరిది, ఎన్ని రోజులు పడుతుంది. ఐదే ఐదు. పన్నెండు వాక్యాల్లో ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు. "ఇవన్నీ ఫోన్లో అడుగుతారు కదా తమ్ముడూ, రాయడం దేనికీ?" అన్నాడు అన్నయ్య. రాస్తే అడగక్కర్లేదు కదా అని అతనూ, అడక్కపోతే ఫోన్ ఎందుకు చేస్తారని ఆయనా కాసేపు వాదించుకున్నారు. ఆ వాదనలో ఎవరు నెగ్గారో ఇప్పటికీ తేలలేదు. పట్టిక మాత్రం పెట్టారు. ఎడమవైపు పని, కుడివైపు అంకె. కళ్లు ఎడమ అంచు పట్టుకుని కిందికి జారతాయని నీల్సన్ బృందమే 2006లో 232 మంది చూపులను యంత్రాలతో వెంబడించి చెప్పింది. క్యాలెండరు ముందు నిలబడి అమ్మ చూపుని గమనించినవాడికి అది కొత్త సంగతి కాదు.

చేతులు కలిపే తెల్లవాళ్ల ఫొటో తీసేద్దామంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "షెడ్డు ఫొటో పెడితే బీదగా ఉంటుంది." ఇక్కడ అతనికి చందమామ సాయం వచ్చింది. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక భిలాయి క్వార్టర్లలో తెలుగులోనూ హిందీలోనూ తిరిగేది. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా బొమ్మలు పట్టుకుని కథ చెప్పేసేవాళ్లు. శంకర్ వేసిన బేతాళుడు విక్రమార్కుడి భుజమ్మీద వేలాడుతుంటే ఆ బరువు రాజు నడుం వంపులో తెలిసేది. ఆ బొమ్మ తీసి మరో కథకి పెట్టలేరు. ఈ చేతులు కలిపే ఫొటోని పళ్ల డాక్టరుకి పెట్టొచ్చు, పచారీ కొట్టుకీ పెట్టొచ్చు. బొమ్మకైనా మాటకైనా పరీక్ష ఒకటేనేమో: దాన్ని ఎత్తుకెళ్లి పక్కింట్లో పెడితే అక్కడా ఇమిడిపోతుందా? రేట్ల చీటీని ఫొటో తీసి అతికించడం కూడా మానిపించాడు. చూడ్డానికి అక్షరాల్లాగే ఉంటాయి గానీ అవి బొమ్మే. గూగుల్‌లో వెతికేవాడికి దొరకడం కష్టం, చూపు లేనివాడి ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేకపోవచ్చు, చిన్న తెర మీద వేళ్లతో లాగి లాగి చూడాలి.

అసలు తంటా తెలుగు అక్షరాల దగ్గర వచ్చింది. వెబ్‌సైటు మూస ఇంగ్లీషుకి, హిందీకి కొలిచి కుట్టినది. హిందీ మాట పైన గీతకి వేలాడుతుంది, బరువంతా అక్కడే. తెలుగు మాట అలా కాదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు, వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం" అని ఒక్క మాట రాసి చూస్తే చాలు, మూడంతస్తుల మేడ. ఆఖరికి ఈ ఊరికి ఊపిరైన "ఉక్కు"కి కూడా కింద చోటు కావాలి. వరసకీ వరసకీ మధ్య అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉండాలని వెబ్ ప్రమాణాల సంఘం సూచిస్తుంది. తెలుగుకి అదీ ఒక్కోసారి చాలదు. పూర్వం తాళపత్రాల మీద మాటకీ మాటకీ మధ్య చోటే వదిలేవారు కాదు. చదివేవాడికి పాఠం సగం నోటికొచ్చి ఉండేది కాబట్టి నడిచింది. ఇప్పుడు చదివేవాడికి ఏమీ నోటికి రాదు.

యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, అది లేనివాడికి తెర మీద అర్థంకాని గుర్తులు. తర్వాత విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. దేశికాచార్యులు పోతన, వేమన ఇచ్చారు. ఆ తర్వాత సిలికానాంధ్ర ఫాంట్లు వచ్చాయి. గూగుల్ ఫాంట్లలోకి వెళ్తే ఇవాళ పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ అని ఎనిమిది మందీ వరసగా నిలబడి ఉంటారు, ఉచితంగా. అష్టదిగ్గజాలు కొలువుదీరి ఉన్నా, ప్లేటు మందం రాయడానికి ఎవరిని పిలవాలన్నది మళ్లీ సమస్యే. శీర్షికకి రామభద్ర బాగుంటాడు, బొద్దుగా. పట్టికలో సన్న అంకెల పక్కన ఆయన్ని నిలబెడితే ఊపిరాడదు.

పేజీ తయారైందనుకున్నాక చదివించడానికి మనిషి దొరకలేదు. అన్నయ్య తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆయన కొడుకు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. హిందీ, ఇంగ్లీషు చదువులవాడు. ఆ ఇంట్లో తెలుగు గడగడా చదివేది ఒక్క పెద్దమ్మే. ఫోన్ ఆవిడ చేతికిచ్చారు. గుమ్మంలో కూర్చుంది. మే నెల ఎండ. తెల్ల తెర మీద డిజైనరు ముచ్చటపడి పెట్టిన లేత బూడిద రంగు అక్షరాలు. తెల్లటి మీద నల్లటి అక్షరానికి వెలుగు తేడా 21 రెట్లు, కనీసం 4.5 రెట్లయినా ఉండాలని అదే ప్రమాణాలు చెబుతాయి. ఇవి ఆ గీటు దగ్గరికి కూడా రాలేదు. ఆవిడ చెంగు నెత్తి మీదికి లాక్కుని, ఫోన్ నీడలోకి వంచి, కాసేపు చూసి అంది: "ఏటి బాబూ, ఈ అక్షరాలకి కాళ్లు తెగిపోయాయి?"

నిజమే. ఆవిడ ఫోన్లో వరసలు ఇరుకై, వత్తులన్నీ కింది వరసలో మునిగిపోయాయి. అతని కంప్యూటర్లో అంతా బాగానే ఉంది. పెయింటరు రోడ్డు అవతలికి వెళ్లి చూసుకుని ఉంటాడని నిన్నటిదాకా ఊహించుకుని మెచ్చుకున్నవాడు, తను మాత్రం నిచ్చెన దిగలేదు.

పెద్దమ్మ ఇంకోటి కూడా అడిగింది. "ఆయన మాట ఉండేది కదా. తీసేసారా?"

పన్నెండు వాక్యాల్లో ఏడోది అది. తన తండ్రి 1957లో టెక్కలి నుంచి ఒక రేకు పెట్టెతో భిలాయి వచ్చి, మొదటి ఫర్నేసు కట్టే పనిలో చేరాడని అన్నయ్యే చెప్పి రాయించినది. యంత్రం దాన్ని కూడా "ఉక్కు రంగంలో సుదీర్ఘ వారసత్వం" అనే ఒక పొడుగాటి వాక్యం మధ్యలో ఇరికించింది. అతను మొత్తం పేరాని పట్టుకుని కోసేసినప్పుడు రేకు పెట్టె కూడా పోయింది. ఆ పేరాలో ఎత్తుకెళ్లి పక్కింట్లో పెట్టలేని వాక్యం ఏదైనా ఉంటే అదొక్కటే. తను పెట్టిన పరీక్షలో నెగ్గిన ఒకే ఒక్కదాన్ని తనే కొట్టేశాడు! చదవడానికి వీలుగా చెయ్యాలనే తొందరలో చదవదగ్గది పోగొట్టడం ఎంత సులువు! గాజువాకలో ప్లేటు కొనేవాడికి ఆ పెట్టెతో పనేమిటని ఇంకో గొంతు లోపల్నుంచి అడిగింది. పని లేకపోవచ్చు. ఐదు ప్రశ్నల్లో అది లేదు. కానీ ముక్కూ మొహం తెలియని షెడ్డుకి అడ్వాన్సు పంపేముందు మనిషి ఇంకా ఏదో వెతుక్కుంటాడు, అది పట్టికలో పట్టదు.

ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. పైన పెడితే పట్టికకి అడ్డం. "మా గురించి" అని వేరే పేజీలో పెడితే అటకెక్కించినట్టే. చివరికి పట్టిక అయ్యాక, కాస్త తెలుపు వదిలి, ఒక్క వాక్యంగా, విశేషణం ఏదీ లేకుండా పెట్టాడు. అక్షరాలు నల్లగా చేసి, వరసలు విడదీసి, పెద్దమ్మ ఫోన్లోనే చూశాడు. ఆవిడ చదివి ఏమీ అనలేదు. ఫోన్ వెనక్కి ఇవ్వడానికి మాత్రం కొంచెం ఆలస్యం చేసింది.

మూడు వారాల తర్వాత అన్నయ్య ఫోన్ చేశాడు. "తమ్ముడూ, కాల్స్ వస్తున్నాయి. విశాఖ నుంచి కూడా ఇద్దరు చేశారు. మందం, గ్రేడు ఎవడూ అడగట్లేదు, నువ్వు రాసింది చూసే చేస్తున్నారు." అతను లోపల్లోపల పొంగిపోయేలోపే అటునుంచి నవ్వు వినబడింది. "కానీ అందరూ ఒకటే అడుగుతున్నారయ్యా. నిన్న ఒక లారీవాడు రెండు గంటలు తిరిగాడంట. గల్లీ ఎక్కడా అని."

సాయంత్రం స్కూటరు ఆపుకుని ఆ స్తంభం ముందు నిలబడ్డాడు. మూడు మాటలు, ఒక నంబరు, వాటి కింద బాణం. ఇన్నాళ్లూ మాటల పొదుపునీ అంకెల లావునీ మెచ్చుకున్నాడు గానీ, పెయింటరు తన దగ్గరున్న ఎర్ర రంగంతా పోసింది ఆ బాణం మీదేనని ఇప్పుడే కనిపించింది. పేజీ మీద చిరునామా ఉంది, అన్నిటికంటే అడుగున, సన్న అక్షరాల్లో, ప్లాట్ నంబరుతో సహా. లారీ డ్రైవరు ప్లాట్ నంబరుతో వస్తాడా? బోర్డు ఫొటో తీసి, చేతులు కలిపేవాళ్ల స్థానంలో దాన్నే పెడదామని ఫోన్ పైకెత్తాడు. బొమ్మలోని బాణం చూపు లేనివాడికి వినబడదు కాబట్టి కింద మాటల్లో కూడా రాయాలి. పవర్ హౌస్ వైపునుంచి వస్తే ఏ చేతి పక్కన, ఏ టీ బండి దాటాక, అని వాక్యం కూర్చుకుంటూ ఉండగా ప్లేట్లు వేసుకున్న ట్రైలరు ఒకటి వచ్చి, దారి అడగడానికేమో, సరిగ్గా బోర్డుకి అడ్డంగా ఆగింది. ఫోన్ దించి, అది కదిలేదాకా నిలబడ్డాడు.